పదిహేడో నంబరు

అర్జీలో ఉద్దేశం అని ఒక గడి ఉంది,
మూడు వేళ్ళ వెడల్పు.
కాగితాన్ని కాల్చడానికి, అని రాశాను.
సూర్యాబాగ్ ఆఫీసులో గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టుకుని
"తగలబెట్టడానికా అమ్మా?" అన్నాడు.
కాదు నాయనా, చిల్లు పెట్టడానికి.
అది కొట్టేయించి 'లక్ష్యసాధన' అని రాయించాడు.
చివరి అక్షరం గీత దాటిపోయింది.

విచారణకి మర్రిపాలెం వచ్చాడు కానిస్టేబులు.
ఎదురింటి పోలమ్మని అడిగాడు, ఈవిడ ఎలాంటి మనిషని.
"బొద్దింకనైనా సీపురుతో బయటికి తోస్తాది బాబూ,
సంపదు" అంది పోలమ్మ.
రాసుకున్నాడు.
ఆ మాట ఇప్పుడు సర్కారు ఫైల్లో ఉంది,
కింద ముద్రతో.

సైన్యం లెక్కలోంచి కొట్టేసిన తుపాకులు పన్నెండు.
క్లబ్బులో మేం ముప్పై ఒక్కమందిమి.
చీటీలు బిస్కెట్ల డబ్బాలో వేసి,
క్రేన్ డ్రైవర్ తాతారావు కూతురి చేత తీయించారు.
ఆ గుంట ఒక చేత్తో చీటీ తీస్తూ
రెండో చేత్తో జామకాయ తింటోంది.
నా పేరు మీద ఇంత ఉప్పూకారం అంటింది.

రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు టికెట్ల లెక్క రాసిన డబ్బులోంచి
పదకొండు వేలు దానికి.
దాన్ని దాచే బీరువాకి, గొలుసుకి, రెండు తాళాలకి
ఇంకో తొమ్మిది.
కంచరపాలెం వెల్డరు అడిగాడు: "బంగారమా అమ్మా?"
ఇనుమే.
"ఇనుములో ఇనుము దాస్తారేటి!"

గుడ్డ విప్పితే
చింతపండు గుజ్జులాంటి పాత గ్రీజు.
కిరసనాయిలు ముంచి తుడుస్తూ తుడుస్తూ
కర్రమడమ దగ్గర చెయ్యి ఆగిపోయింది.
సగం చెరిగిన తెల్ల పెయింటు:
17.

ఎనభై నాలుగులో, కాలేజీ ఎన్‌సీసీలో,
అక్క బెల్టుతో బిగించిన వదులు ఖాకీ ప్యాంటులో
పదిహేడు నాది.
ఎవరికీ అక్కర్లేనిది కాబట్టి నాది.
"ఈ తుపాకీ ఎడమకి లాగుతది" అన్నాడు హవల్దార్ బిసోయి
తన బరంపురం తెలుగులో,
"నువ్వు రెండు వేళ్ళు కుడికి చూడు.
ఊపిరి సగం వదులు, సగం దాచుకో."

దాచుకున్నాను.
పెళ్ళిచూపుల్లో, తూకం రాళ్ళ దగ్గర,
పెద్దాఫీసరు నవ్వుతూ మాట్లాడినప్పుడల్లా
రెండు వేళ్ళు కుడికి జరిపే చూశాను.
చాలాసార్లు తగిలింది కూడా.

ఆదివారం, ఇంకా ఎండ ఎక్కలేదు.
కొండ వైపు బోర్లా పడుకుంటుంటే
నా మోకాళ్ళే ముందు పేలాయి.
పక్క చాప మీది కుర్రాడు మర్యాదగా నవ్వలేదు.
రెండు వేళ్ళు కుడికి.
అయిదు గుళ్ళు.

మిస్త్రీ గురువులు కాగితం పట్టుకొచ్చాడు.
అయిదు చిల్లులూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా.
నడిమధ్యకి సరిగ్గా రెండు వేళ్ళు
కుడికి.
"గుత్తి బాగుందమ్మా, చోటు బాగోలేదు."
గొట్టంలోంచి ఆకాశం చూశాడు.
"తిన్నగానే ఉంది. ఇది ఏ రోజూ వంకర పోలేదు."

ప్రతి ఆయుధాగారంలోనూ ఒక పదిహేడు ఉంటుంది.
ఇది అదే అని ఎవరన్నారు?
కానీ అదే అయితే,
ఎడమకి లాగింది
చప్పుడుకి ముందే కళ్ళు మూసుకున్న
పంతొమ్మిదేళ్ళ పిల్ల భుజం.
బిసోయికి తెలియదా?
ఇరవై మంది ఆడపిల్లల ముందు
తప్పు కర్ర మీద తోసేశాడు,
ఇనుము మీద తోసేశాడు.

ఆరో గుండు కాల్చలేదు ఆ పూట.

ఈ ఊళ్ళో సముద్రం ఏ ఇనుమునీ నాకకుండా వదలదు,
కిటికీ ఊచల్ని, సైకిల్ని, గేటు గడియని.
అందుకే రోజూ సాయంత్రం తాళాలు తీసి
నూనెగుడ్డతో తుడుస్తాను.
అంకె దగ్గరికొచ్చేసరికి
గుడ్డ పక్కన పెట్టి, ఊదుతాను.
పెయింటు పోకూడదు.