ఇరవై ఏడుకు

హన్మకొండ స్టేడియంల జూన్ పొద్దు.
ముప్పై మీటర్ల గీత కాడ నిలబడ్డ,
చేతిల స్టాప్‌వాచ్, చంకల రిజిస్టర్.
తొమ్మిది పరీక్షలు, ఒక్కోదానికి మూడు మార్కులు.
తొమ్మిదేండ్ల పిల్లల జాతకం
ఇరవై ఏడుకు ఎన్నో అన్న కాడ తేల్తది.

పరకాల ఐలేష్‌కు ఇరవై ఆరు.
"రాసి పెట్టుకో సారూ, వీడు దేశానికి ఆడ్తడు"
అన్నడు మెడిసిన్ బాల్ మోసే కట్టయ్య.
రాసి పెట్టుకున్న.

గూడూరు అవతలి తండ జాంకుకు పదిహేడు.
ఇంకో పిల్ల జ్వరమొచ్చి రాకపోతే
దొరికిన ఆఖరి సీటు.

పదమూడేండ్లయింది.
అబద్ధమెందుకు, ఐలేష్ రైల్వేల కబడ్డీ ఆడ్తుండు.
ఇరవై దాటినోళ్లల్ల సగానికెక్కువ
ఏదో ఒక జెర్సీ తొడిగిండ్రు.
రిజిస్టర్ మరీ గుడ్డిదేం కాదు.

జాంకే దాని లెక్కల పట్టలే.
మొన్న యూనివర్సిటీ మీట్‌ల పదివేల మీటర్లు,
ఆఖరి రెండు రౌండ్లు ఒక్కతే ఉరికింది,
ఎన్కకు తిరిగి చూసుడు లేదు.
మేం ఎనిమిది వందల కాడికే కొలిచినం.
ఆమె ఆడ్నించి మొదలైంది.

ఇదంత సరే.
నా నిద్ర చెడగొట్టేది ఇంకో పేజీ.
ఈసం రాజబాబు, ఏటూరునాగారం,
ఒక్క మార్కు తక్కువై బస్సెక్కిండు.
వాడు గీత దాటినంక రెప్పపాటు ఆలస్యంగ
ఒత్తింది నా బొటనవేలు.
అది నాకొక్కనికే ఎర్క.
వాడేమైండో ఏ రిజిస్టర్ల లేదు,
మా లెక్క తప్పని చెప్పేటోడు
మా లెక్కలకే రాలే.

మళ్ల జూన్.
గీత కాడ పిల్లలు కట్టిండ్రు లైను.
చెమట పట్టిన బొటనవేలు
లాగుకు తుడుచుకుంటున్న.