అడుగు గీత

బదిలీ అయిపోతూ బ్లాకాఫీసు ఇంజనీరు
మూడు వేలకి మాకు వదిలేసి వెళ్ళిన ఓవెను.
పుస్తకం పోయిందన్నాడు.
మర చుట్టూ ఎనిమిది బొమ్మలు,
అందులో రెండు సగం చెరిగాయి.
కూర్మారావు వచ్చి లావుపాటి వైరు లాగి
"ఇది వెలిగితే మోటారు వెయ్యకమ్మా" అని చెప్పి పోయాడు.

పర్లాకిమిడిలో పుట్టినదాన్ని.
బడిలో ఒడియా, పెరట్లో తెలుగు,
కొట్టు బోర్డు మీద రెండూ.
ఇది మూడో లిపి అనుకుని
దిద్దడం మొదలుపెట్టాను.
పలక అరగలేదు గానీ వేళ్ళు కాలాయి.

కింద గీత: అడుగున సెగ.
పైన గీత: నెత్తిన సెగ.
పైన రంపపు పళ్ళంటే
కళ్ళెర్రజేసి కూర్చున్న మేనత్త.
వంకాయలు అప్పగించి పక్కకి పోకూడదు.
తొక్క చిట్లి ఊడొచ్చాక
ఆవనూనె చుక్క, పచ్చిమిర్చి,
మా ఇంటాయన వాటాలో చింతపండు.

ఫంకా బొమ్మ తిప్పినరోజు
కరకరలాడాల్సినవి కరకరలాడాయి,
మెత్తగా ఉండాల్సినవీ కరకరలాడాయి.
గాలికి మొహమాటం లేదు.
అదే గాలికి, ముసురు పట్టిన శ్రావణంలో,
తడిసిన వడియాలు రెండు పళ్ళేలిచ్చాను.
సన్న సెగ మీద పొద్దస్తమానం తిరిగింది పాపం.
బిల్లు చూసి మా ఆయన
"ఎండకి ఇంత రేటా" అన్నాడు.

ఒట్టి దీపం బొమ్మ ఒకటుంది, గీతే లేదు.
దండగ అనుకున్నాను.
మహేంద్రగిరి చలి ఊళ్ళోకి దిగిన రాత్రి
ఆ దీపం కింద అట్లపిండి పెట్టి పడుకుంటే
తెల్లారేసరికి గిన్నె దాటొచ్చి
గాజు తలుపులోంచి నన్ను చూస్తోంది.

ఛెనా పోడ మటుకు రాలేదు.
నాలుగుసార్లు.
విరిగిన పాలముద్ద, పంచదార, రవ్వ, ఏలకులు,
అన్నీ సరిగ్గానే పడ్డాయి.
తీస్తే తెల్లగా, మర్యాదగా,
కొత్త గుమాస్తాలా ఉండేది.
పోడ అంటేనే కాలినది.
మాడనివ్వకూడదని కదా
ఈ యంత్రానికి నేర్పి పంపారు.

బినోదిని నానిని పిలిచాను.
నాని అంటే ఇక్కడ అక్క.
బస్టాండు వెనక ముప్ఫయ్యేళ్ళు
బొగ్గుల మీద పోడ కాల్చి అమ్మింది.
ఇప్పుడు చేతులు వణుకుతాయి.
కళ్ళజోడు తుడుచుకుని, వంగి,
రెండు గీతల బొమ్మ మీద వేలుంచింది.
"ఏటే, ఇది నా పొయ్యే కదా!
కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు."
వేలు కాస్త జరిగింది.
"ఆఖర్న మూత మీదవి తీసెస్తాను.
అడుగువి ఉంచీసి తొంగుంటాను."

పడుకోవడం అనే బొమ్మ
ఎంత వెతికినా మర మీద లేదు.

ఆ రాత్రి గిన్నెలో సాలాకులు పరిచాం.
రెండు గీతల మీద ముప్పావుగంట,
ఆ తర్వాత అడుగు గీత.
పది నిమిషాలకి కరెంటు పోయింది.
మేడెక్కి చూస్తే ఏటి అవతల పాతపట్నంలో
దీపాలు దర్జాగా ఉన్నాయి, వేరే రాష్ట్రం మరి.
దిగొచ్చి తలుపు తెరవబోతే
నాని నా మణికట్టు పట్టుకుంది.
"ముయ్యి. ఇప్పుడే మొదలైంది."

చీకట్లో ఇద్దరం.
ఇనుము చల్లారుతూ టిక్కు... టిక్కు...
ముందు ఆకు కమిలిన వాసన,
చాలాసేపటికి పంచదార.
ఏదో అడగబోయాను.
ఆవిడ వినడం లేదు.
ముక్కు ఒక్కటే మేలుకుని ఉంది.

పొద్దున్న బోర్లించి తట్టాం.
ఆకు ఈనెలు అచ్చుపడ్డ నల్లటి అడుగు.
గోటితో గీకి నోట్లో వేసుకుంది నాని.
"పంచదార ఎక్కువేసీసేవు" అంది.
ఇంకో ముక్క అడిగింది.

చెరిగిన రెండు బొమ్మల్లో ఒకటేమిటో
నాకిప్పటికీ తెలీదు.
సున్నా పక్కన మాత్రం
గోళ్ళ రంగుతో ఎర్రచుక్క పెట్టాను.
మొన్న ఫ్యూజు మార్చడానికొచ్చిన కూర్మారావు
"ఇదేటమ్మా, కొత్త సెట్టింగా?" అన్నాడు.
అవునన్నాను.
ఆపేసి, తలుపు తియ్యకుండా, పడుకోవడం.