ఇక్కడ మేమంతా క్షేమం

వేమవరం గుంటలో
మాల్యాద్రి గడ్డపార మొనతో పలక లేపాడు,
పెనం మీద అట్టు అంచు లేపినట్టు.
లోపల చుట్టలు చుట్టుకున్న గవ్వ.
తడి తువ్వాలుతో తుడిచి
"కొత్తపట్నం సముద్రం ఇందాకా ఉండేదా మేడమ్?"

చుక్క ఆసిడ్ వేశాను.
బుస్సుమంది.
పదమూడు కోట్ల ఏళ్ళు బిగబట్టిన ఊపిరి
మిరపచేల ఘాటులో కలిసిపోయింది.

"ఎట్టా సచ్చినాయి ఇయ్యన్నీ?"

ఈ పొరకు చావు తెలీదు మాల్యాద్రీ.
పాత ఉత్తరంలా
ఇక్కడ మేమంతా క్షేమం అంటుందంతే.
అసలు కబురున్న పొర
ఇంకా పైన ఉండాలి.
ఉందో లేదో, వానలు ఎప్పుడో కడిగేశాయో.
ఇప్పుడక్కడ ఎర్రమన్ను,
కంది మోళ్ళు,
నువ్వు విడిచిన చెప్పులు.

నలభై ఒక్క సంచులకు నంబర్లు వేశాను.
ఒకటి ఖాళీగా మిగిలింది.
మడిచి జేబులో పెట్టుకున్నాను.