గాలి చెమట

పొదిలి దాటి కనిగిరి వైపు పోతుంటే
పాత లారీ టైర్లకు సున్నం కొట్టి పాతిన చోటు
నాయబ్ రసూల్ పంక్చర్ల కొట్టు.
రెండు రోజులుగా అక్కడ
కంప్రెసర్ కింద వెల్లకిలా పడుకొని ఉన్నాను.

పడుకోవాల్సిందే మరి.
ట్యాంకు పొట్టకీ నేలకీ నడుమ మూరెడు కూడా లేదు.
ఆ సందులో బొడ్డులాగా ఒక చిన్న కాకు.
రోజూ తిప్పాలి.
ఎవడు దూరి తిప్పుతాడు?
"రేపు చూద్దాంలే" తోనే ఆరేళ్లు గడిచాయి.

కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిచ్చాను.
పొద్దున, గాలి కొంచెం మిగిల్చి తిప్పితే
ముందు దగ్గింది.
తర్వాత ఎర్రగా, జిడ్డుగా,
మరిగి మరిగి చిక్కబడ్డ డికాషన్‌లాగా
అర బకెట్టు.

"ఏందయ్యా, దీంట్లో నీళ్లెవరు పోశారు?"
రసూల్ భార్య గౌసియా. చంకలో ఖాళీ బిందె.
ట్యాంకరు వచ్చి నాలుగు రోజులు.
"ఎవరూ పోయలేదమ్మా. గాలిలోవే."
ఆమె రేకుల అంచు దాటి పైకి చూసింది,
మబ్బు తునక కూడా లేదు.
"ఈ గాలిలోనా?"

ఈ గాలిలోనే.
నూటయాభై పౌండ్ల ఒత్తిడి పెడితే
మన గాలి కూడా దాచుకున్నది కక్కుతుంది.

అరంగుళం పైపు. రెండు ఎల్బోలు.
ఎర్ర పిడి వాల్వు ఒకటి.
జనపనార, తెల్లరంగు డబ్బా అడుగున మిగిలింది.
మర తిరిగే వైపే నార చుట్టాలి,
ఎదురు చుట్టావా, బిగించేకొద్దీ ఊడొస్తుంది.
చీమకుర్తి క్వారీలో మేస్త్రీ వెలిగొండయ్య నేర్పాడు.
నేర్పిన నెలకే ఆయనకు రెండు చెవులూ పోయాయి.
నీడ ఉంది గదా అని ట్యాంకు పక్కన కూర్చొని
అన్నం తింటున్నాడు.
పైనుంచి పగలదది.
నీళ్లు నిలిచిన అడుగున, కాగితమంత పలచబడి,
సరే, ఆ మాట ఇప్పుడెందుకు.

వాలు ముఖ్యం. బారకి రెండు వేళ్లు.
సోడా సీసాలో నీళ్లు పోసి, బుడగ ఎటు పోతుందో చూసి
పైపు కింద చెక్కముక్కలు జరిపాను.
ఎక్కడా పైకి లేవకూడదు,
నీళ్లు నిలిస్తే పైపు కూడా ట్యాంకే.

గోడకు బెజ్జం కొట్టి మూతి అవతలికి తీశాను.
పిడి మాత్రం ఇవతల, నడుమెత్తున,
తాళంచెవులు తగిలించే మేకు పక్కన.
కొట్టు మూసేటప్పుడు చెయ్యి అక్కడికే పోతుంది గదా.

సబ్బు నురగ పూస్తే
రెండో ఎల్బో దగ్గర ఒకే ఒక్క బుడగ,
ఆవగింజంత.
విప్పి మళ్లీ చుట్టాను. రసూల్‌కి చెప్పలేదు.

సాయంత్రం పిడి తిప్పితే బుస్సుమంది.
గోడవతల అప్పటికే ఒక బొక్కెన ఉంది.
"తాగేవి కాదమ్మా, నూనె."
"తెలుసులే" అంది గౌసియా.
"ట్యూబులు ముంచే తొట్టికి.
రోజూ నా బిందెలోంచి చెంబుడు పోస్తన్నాడు."

ఎన్ని నీళ్లు పడ్డాయో చూద్దామని
ఇద్దరం వంగాం.
రసూల్ సగం డబ్బులిచ్చి,
మిగతావి శనివారమన్నాడు.