సీటు నంబరు నలభై ఒకటి

చిక్కడపల్లి రీడింగ్ రూంలో
పదకొండు రోజులు
నా గొంతు నాకే వినబడలేదు.
మెస్‌లో వేలు చూపిస్తే చాలు,
మూడు మార్కుల్లో పోయిందని
అమ్మకు కూడా మెసేజే.

పన్నెండో రోజు లేవలేదు.
గోడ మీది చెమ్మ మరకనే చూస్తూ పడుకున్నా.

సాయంత్రం తలుపు కొట్టింది
పక్క సీటు పిల్ల,
రిజిస్టర్లో హాస్టలు పేరు చూసుకుని.
"నలభై ఒకటి ఖాళీగుంది.
నీ పెన్ను మూత నా దగ్గర్నే ఉన్నది.
తిన్నవా?"

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మిర్చి బజ్జీలు,
ఇద్దరికీ నోరు కాలింది.
పేరడిగితే
"లచ్చవ్వ. నవ్వకు, మా నాయనమ్మది" అంది.
నవ్వాను.
ఎవరో నవ్వినట్టు వెనక్కి తిరిగి చూశాను.

ఇవాళ యాభై ఆరు రాలేదు.
పొద్దున్నుంచీ ఆ బల్ల మీద
నీళ్ల సీసా కూడా లేదు.
పుస్తకాలు మూసి
ఇద్దరం లేచాం.