కొసరు

ఎంజీఎం ఎక్స్‌రే గదిలో, రాత్రి పదకొండు దాటాక
ఆమె కుడిచేయి పలక మీద పెట్టింది.
గాజులు తియ్యమన్నాను.
"ఇంత వాపు మీద ఎట్లెల్లుతయి సారూ, పలగ్గొడ్తవా?"
గాజులతోనే తీశాను.

ఊదరి సాంబలక్ష్మి.
హన్మకొండ చౌరస్తాలో పూలు.
బస్సు మెట్టు జారి, నేలకు చేయి ఆనించి,
ఇరవై రోజులు వెదురుబద్దల కట్టుతో ఊళ్లె కూసొని
ఇప్పుడొచ్చింది.

తెర మీద రెండు ఎముకలు,
చుట్టూ గాజులు, తెల్లటి దారాల్లా.

చిటికెనవేలి వైపుది అరత్ని.
మోచేతిని కొక్కెమేసి పట్టుకొని మెదలదు,
దర్వాజా చట్రం అది.
బొటనవేలి వైపుది రత్ని, తలుపు.
తిరిగేదంతా అదే.
అరచేయి వెల్లకిల పెడితే రెండూ పక్కపక్కన
కాజీపేట పట్టాల్లా.
బోర్లిస్తే ఒకదాని మీదుగా ఒకటి, కత్తెర.
నడుమ మోదుగాకంత పల్చటి పొర.

పైసలు తీసుకున్నప్పుడు పట్టాలు
పూలు చేతిలో పెట్టినప్పుడు కత్తెర
రోజుకు ఎన్ని వందలసార్లో.

రత్ని మణికట్టు కాడ విరిగి, వెనక్కి వంగి
అట్లాగే అతుక్కుంది.
స్కేలు పెట్టి చూశాను. అరంగుళం పొట్టి.
రత్ని అంటే పాతకాలంలో ఒక కొలత పేరే,
పిడికిలి ముడిచిన మూర.
ఆమెకు చెప్పలేదు.
డాక్టరు మళ్లీ విరగ్గొట్టి ప్లేటు వెయ్యాలన్నడు.
పెండ్లిళ్ల దినాలు, గిరాకి పోతదని
ఆమె కాయితం మడిచి బొడ్లె దోపుకున్నది.

ఎండలు ముదిరినంక చౌరస్తాలో కనబడింది.
నన్ను గుర్తుపట్టలేదు, లేదా పట్టింది.
మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా
కనకాంబరాలు చాపి, ఆగి,
ఒక్క ముడి అవతలికి జరిపి తెంపింది.

"కొసరా?" అన్నాను.

"కొసరేంది సారూ, అసలే.
మూరకు నలభై ముడులు నా లెక్క.
ఈ చెయ్యికి ముప్పైతొమ్మిదే వస్తున్నయి.
నువ్వు రాసిచ్చిన కాయితంల ఉన్నది గదా."

లేదు. నేను అంగుళాలే రాశాను.

పక్కన స్కూటర్ దిగని ఒకామె
"కొసరెయ్యవా, ఇంత గీసి గీసి కొలుస్తవ్" అంటోంది.
సాంబలక్ష్మి ఏమనలేదు.
ఇంకో ముడి జరిపింది.

నా ఇరవై రూపాయల బిళ్ల
ఆమె చాపిన అరచేతిలో పెట్టబోయాను.
చేయి సగమే తిరిగింది.
బిళ్ల జారి
తడి మోదుగాకుల మీద పడింది.