నలభై కిలోలు

చేప తలని మేకుకి గుచ్చి
కత్తి ఒక్కసారి అడ్డంగా తిప్పితే
నాలుక బకెట్లో పడుతుంది.
మా లోఫోటెన్ దీవుల్లో పిల్లల పని ఇది.
పెద్దవాళ్ళు కాడ్ చేపల్ని పట్టుకొస్తారు,
మేం నాలుకలు కోసి కిలోల లెక్కన అమ్ముకుంటాం.

ట్రిగ్వే నిమిషానికి ఇరవై కోసేవాడు.
నేను ఎనిమిది.
"నీకు నోట్లో నాలుకే లేదనుకున్నా,
చేతిలో కత్తి కూడా లేదు" అనేవాడు.
వాడి చెవి వెనక ఒక పొలుసు అంటుకుని మెరిసేది.
తుడుచుకోమని చెప్పాలనుకుంటూనే
ఫిబ్రవరి అంతా గడిపేశాను.

మార్చిలో ఒక సాయంత్రం
చేపలు ఎండేసే కర్రల పందిరి కింద,
తోకకి తోక ముడేసి జంటలు జంటలుగా
వేలాడదీసిన వేల చేపల కింద,
వాడే నా చేతి తొడుగు లాగేశాడు.
వాడి పెదాలు ఉప్పగా, చల్లగా,
కాసేపటికి చల్లగా కాకుండా.
పైన చేపలు గాలికి టకటకమన్నాయి.
ఆ కంపులో ఇద్దరికీ నవ్వొచ్చింది.
ఎవరికీ చెప్పొద్దన్నది నేను.
వాడు కాదు.

సముద్రం తీసుకెళ్ళలేదు వాణ్ణి.
మా ఊళ్ళో చావంటే సముద్రమే,
ప్రార్థనలు కూడా దానికే తయారుగా ఉంటాయి.
వాడు వంతెన మీద, గాజులాంటి మంచు మీద,
అమ్మ ఈస్టు తెమ్మంటే
మోపెడ్ వేసుకెళ్తూ.

చర్చిలో నాది ఐదో వరస, క్లాసువాళ్ళతో.
ఎప్పుడో వాడితో ఒక్కసారి డాన్స్ చేసిన రాగ్నిల్డ్‌ని
అందరూ వంతులేసుకుని కౌగిలించుకున్నారు.
పాపం, తను నిజంగానే ఏడ్చింది.
నేను గోడ మీది కీర్తనల నంబర్లు కూడుతూ కూర్చున్నాను.
నూటపన్నెండు, మూడువందల నాలుగు.
ఏడవడానికీ ఒక వరస ఉండాలి.
నాకున్నది ఐదోది.

ఏప్రిల్లో షెడ్డు లెక్కలు చూసే ఓడ్‌వార్
కళ్ళజోడు పైకి నెట్టి అడిగాడు:
"నీ పేరున నలభై కిలోలు ఎక్కువొచ్చాయి.
ఇంత ఎప్పుడు కోశావురా?"
నేను కోయలేదు.
నేను గోడవైపు తిరిగి కత్తి నూరుకున్నప్పుడల్లా
వాడి నాలుకలు నా బకెట్లోకి.
పుస్తకంలో తారీఖులున్నాయి.
జనవరి ఆఖరు నుంచే,
నేనింకా ఆ పొలుసు కూడా చూడకముందు నుంచే.

డబ్బు కవర్లో పెట్టుకుని వాళ్ళింటికెళ్ళాను.
వాళ్ళమ్మ సోల్వై బూట్లు విప్పమని కూడా అనలేదు.
కాఫీ పోసింది. కవరు ముట్టుకోలేదు.
"వాడికీ నీకూ మధ్య లెక్కలేమిటి, ఐవిన్?" అంది.

నాలుక చివరిదాకా వచ్చింది.
కరుచుకున్నాను.
నోరంతా ఉప్పు.
వాడి రుచి కాదది, కానీ దాని పక్కింట్లోది.

ఆమె కప్పు కింద పెట్టి ఎదురుచూసింది.
బయట ఎవరో మోపెడ్ స్టార్ట్ చేస్తున్నారు,
అది అందుకోవట్లేదు, మళ్ళీ తొక్కుతున్నారు.

"సోల్వై," అన్నాను,
"నేను ఐదో వరసలో కూర్చోవలసినవాణ్ణి కాదు."